ఫ్రెంచిలో ఒక చిన్న చీటీ



సోలాపూరు తూర్పు పేఠల్లో పెళ్లి కుదిరితే, ఒకే పెళ్లికి మూడు రకాల శుభలేఖలు అచ్చువేయించే ఇళ్లు ఉన్నాయి. ఊళ్లో స్నేహితులకు మరాఠీలో ఒకటి, కరీంనగర్, సిరిసిల్ల వైపు బంధువులకు తెలుగులో ఒకటి, ఆఫీసువాళ్లకు ఇంగ్లీషులో ఒకటి. ఆ ఇంగ్లీషు శుభలేఖ అడుగున ఒక మూల ఆర్.ఎస్.వి.పి. అని నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. వాటి కింద ఇంటి పెద్దల పేర్లు ఉంటాయి. ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగితే చాలామంది ‘ఆహ్వానించువారు’ అనే చెబుతారు. నిజానికి అవి ఇంగ్లీషు మాటలు కావు. ‘రెపోందే సిల్ వూ ప్లే’ అనే ఫ్రెంచి వాక్యానికి పొడి అక్షరాలు. ‘దయచేసి జవాబివ్వండి’ అని దాని అర్థం. అంటే ఫ్రెంచి భాషలో ఒక చిన్న సందేశం మన నేతగాళ్ల వాడలకు ఎప్పుడో వచ్చి చేరింది. జవాబు రాయడమే మనం మరిచిపోయాం.

ఈనాటి ప్రసంగంలో, కొత్తగా ఫ్రెంచి నేర్చుకునే మన పిల్లలు ఆ భాషలో స్నేహితులకు, తెలిసినవాళ్లకు చిన్న చిన్న సందేశాలు ఎలా రాయాలో చెప్పుకుందాం. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుంటే మంచిది.

నేత వాడలో ఫ్రెంచి మాట ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చు. సోలాపూరు చద్దరును తీసుకోండి. దాని మీద పూలూ లతలూ తేల్చే సాధనాన్ని మనం జకార్డు అంటాం. అది ఒక మనిషి ఇంటిపేరు. ఫ్రాన్సు దేశంలో పట్టునేతకు పేరుపడ్డ లియోఁ నగరంలో ఒక నేతగాడి ఇంట 1752లో పుట్టిన జోసెఫ్ మరీ జకార్, 1804 ప్రాంతంలో చిల్లుల అట్టలతో నడిచే ఆ సాధనానికి రూపమిచ్చాడు. చివరి ‘డి’ని ఫ్రెంచివాళ్లు పలకరు. మనం మాత్రం గట్టిగా పలుకుతాం. లియోఁలో క్రువా-రూస్ అనే కొండ మీది వాడ మగ్గాల వాడే. కూలి రేట్ల కోసం అక్కడి నేతగాళ్లు 1831లో తిరగబడ్డారు. బట్టల కొట్టులో మనం అడిగే వాయిల్, షిఫాన్ కూడా ఫ్రెంచి మాటలే. డెనిమ్ అనే పేరు ఫ్రాన్సులోని నీమ్ అనే ఊరి నుంచి వచ్చిందని చెబుతారు. ఇక తెలుగు నేల మీదనే గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉండేది. అందువల్ల ఈ భాష మనకు మరీ పరాయిది కాదు.

ఈనాడు మహారాష్ట్రలో జూనియర్ కాలేజీలోనూ, అటు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంటర్మీడియట్‌లోనూ ఫ్రెంచిని ఒక భాషగా తీసుకునే వీలుంది. మార్కులు బాగా వస్తాయని చేరేవాళ్లే ఎక్కువ. వ్యాకరణం కంఠస్థం చేస్తారు, క్రియారూపాలు వల్లిస్తారు, ఈఫిల్ గోపురం మీద పది వాక్యాలు తడుముకోకుండా రాస్తారు. ‘రేపు నేను రాలేను, ఎల్లుండి కలుద్దామా’ అని స్నేహితురాలికి ఒక చీటీ రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. లోపం పిల్లల తెలివిలో లేదు. చీటీ కూడా చదువేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఫ్రెంచివాళ్లు దీన్ని చదువుగానే చూస్తారు. విదేశీయుల కోసం ఫ్రెంచి ప్రభుత్వం జరిపే పరీక్షను డెల్ఫ్ అంటారు. అందులో మొదటి మెట్టును ఏ-వన్ అంటారు. ఆ మెట్టు మీద రాత పరీక్షకు అరగంట సమయం. అందులో రెండు పనులుంటాయి. ఒకటి పేరు, ఊరు, పుట్టిన తేదీ వంటి వివరాలతో ఒక ఫారం నింపడం. రెండోది పోస్టుకార్డో చీటీయో రాయడం. కనీసం 40 మాటలుంటే చాలు. ఆ 40 మాటల్లోనే ఎవరికి రాస్తున్నావు, ఎందుకు రాస్తున్నావు, ఎలా పలకరించావు, ఎలా ముగించావు అన్నవన్నీ చూస్తారు.

చిన్న సందేశం అనేది ఈ సెల్‌ఫోన్లతో పుట్టింది కాదు. ఫ్రాన్సులో పోస్టుకార్డు 1873లోనూ, మన దేశంలో 1879లోనూ వచ్చాయి. పారిస్ నగరంలో 1866 నుంచి 1984 దాకా భూమి కింద గొట్టాల్లో గాలి ఒత్తిడితో ఉత్తరాలు పంపే ఏర్పాటు ఉండేది. ఆ ఉత్తరానికి వాడే నీలి కాగితాన్ని ‘పెతి బ్లో’, అంటే చిన్న నీలం అని ముద్దుగా పిలిచేవారు. మన ఇన్‌లాండు కవరు కూడా నీలమే కదా. ఉత్తరం ఎందులో వెళ్లినా రాసే మనిషి చేయవలసిన ఆలోచన మారదు. ఆ ఆలోచనను అయిదు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు: ఎవరికి రాస్తున్నాం? కలం పట్టగానే తేల్చుకోవలసింది ఇదే. ఇంగ్లీషులో రాజుకైనా పేదకైనా ఒకటే ‘యూ’. ఫ్రెంచిలో అలా కాదు. ‘త్యు’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలకు ఈ తేడా ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. మన వాడ పిల్లకు ఒక్క నిమిషం చాలు. ఎందుకంటే ఆమె పొద్దున లేచి ఇంట్లో ‘అవ్వా, తిన్నవా’ అంటుంది. బడికి వెళ్లి పంతులమ్మతో ‘మీరు చెప్పండి’ అంటుంది. పక్కింటి మరాఠీ స్నేహితురాలు తల్లిని ‘తూ’ అనీ తండ్రిని ‘తుమ్హీ’ అనీ పిలవడం వింటుంది. సభల్లో ‘ఆపణ’ అనే ఇంకో గౌరవరూపం ఉందని కూడా ఆమెకు తెలుసు. రెండు భాషల మర్యాద ఎరిగిన పిల్లకు మూడో భాష మర్యాద కష్టం కాదు.

అయితే గీత ఎక్కడ గీస్తారన్నది భాషను బట్టి మారుతుంది. ఫ్రెంచి ఇళ్లలో అమ్మను, నాన్నను, అమ్మమ్మను, తాతను కూడా సాధారణంగా ‘త్యు’ అనే అంటారు. అందులో అమర్యాద లేదు. తోటి విద్యార్థి మొదటి రోజే అయినా ‘త్యు’. ఉపాధ్యాయులకు, దుకాణదారుకు, డాక్టరుకు, కొత్తగా పరిచయమైన పెద్దలకు ‘వూ’. ఎటూ తేలకపోతే ‘వూ’తో మొదలుపెట్టండి. ఎదుటివారే ‘నువ్వు అనుకుందాం’ అంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇలా నువ్వు అనడాన్ని వాళ్లు ‘త్యుత్వాయే’ అనీ, మీరు అనడాన్ని ‘వూవ్వాయే’ అనీ అంటారు. దాని కోసం ప్రత్యేకంగా క్రియలే ఉన్నాయంటే వాళ్లకు అది ఎంత ముఖ్యమో చూడండి.

ఒకసారి ‘త్యు’ అని మొదలుపెడితే చీటీ చివరిదాకా ‘త్యు’ గానే ఉండాలి. మొదటి వాక్యంలో నువ్వు అని, మూడో వాక్యంలో ‘మీ పుస్తకం’ అంటే చదివేవారికి రాయి తగిలినట్టుంటుంది. ‘మీరు వస్తున్నావా’ అని తెలుగులో ఎవరైనా రాస్తే మనకు ఎలా ఉంటుందో అలాగే. చీటీ పూర్తయ్యాక ఈ ఒక్క విషయం కోసమే మళ్లీ మొదటి నుంచి చదువుకోవడం మంచి అలవాటు.

రెండో మెట్టు: పలకరింపు, వీడ్కోలు. మన పెద్దల ఉత్తరాలు గుర్తుచేసుకోండి. ‘మహారాజశ్రీ’ అని మొదలుపెట్టి, ‘ఉభయకుశలోపరి’ అని క్షేమసమాచారం రాసి, ‘ఇట్లు’ అని ముగించేవారు. మరాఠీలో తండ్రికైతే ‘తీర్థరూప’ అనీ, ఇతరులకు ‘సప్రేమ నమస్కార్ వినంతీ విశేష్’ అనే దానికి నాలుగు పొడి అక్షరాలనూ పెట్టి, చివర ‘కళావే, లోభ్ అసావా’ అనేవారు. ఈ రెంటినీ ఒకదాని నుంచి ఒకటి అనువదిస్తే నవ్వు వస్తుంది. ‘లోభ్ అసావా’ను తెలుగులో మాటకు మాట పెడితే ‘లోభం ఉండనీయండి’ అవుతుంది. మరాఠీలో లోభ్ అంటే అభిమానం, తెలుగులో లోభమంటే పిసినారితనం. కాబట్టి పలకరింపును అనువదించకూడదు. ఆ భాషవాళ్లు వాడేదాన్ని అలాగే తీసుకోవాలి.

ఫ్రెంచిలో స్నేహితులకు ‘సాల్యు’ అని మొదలుపెట్టవచ్చు. ఎస్, ఏ, ఎల్, యు, టి అని రాస్తారు, చివరి టి పలకదు. కొంచెం మర్యాద కావాలంటే ‘బోంజూర్’. ప్రియమైన అనడానికి ‘షేర్’. మగవారికి సి, హెచ్, ఇ, ఆర్ అని రాస్తారు. ఆడవారికి రాసేటప్పుడు మొదటి ఇ మీద ఎడమవైపు వాలిన గీత పెట్టి, చివర మరో ఇ చేరుస్తారు. పలకడంలో తేడా లేదు, రాతలోనే ఉంది. ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అన్న మన పొడుగాటి వాక్యానికి స్నేహితుల చీటీలో ‘సా వా?’ అన్న రెండు చిన్న మాటలు సరిపోతాయి.

ముగింపు విషయానికి వస్తే ‘ఆ బియాంతో’ అంటే మళ్లీ త్వరలో కలుద్దాం. ‘ఆ దమాఁ’ అంటే రేపు కలుద్దాం. ‘అమికల్మాఁ’ అంటే స్నేహంతో. ఉపాధ్యాయులకు, అంతగా చనువు లేనివారికి ‘కోర్దియాల్మాఁ’. దగ్గరి స్నేహితులు ‘బీజ్’ అని కూడా రాస్తారు. మాటకు అర్థం ముద్దులు. ఈ మాట దగ్గర మన పిల్లలు సిగ్గుపడి నవ్వుతారు, పెద్దలు కళ్లెర్ర చేస్తారు. అది అక్కడి ఆచారపు మాట, ‘లోభ్ అసావా’ వంటిదే. ఎదుటివారు అలా రాసి పంపితే తప్పుపట్టనవసరం లేదు. మనకు రాయబుద్ధి కాకపోతే ‘ఆ బియాంతో’ ఎప్పుడూ సరిపోతుంది.

మూడో మెట్టు: మధ్యలో చెప్పవలసిన విషయం. చీటీకి ఒక పని ఉంటుంది. పిలవడం, ఒప్పుకోవడం, రాలేనని చెప్పడం, అడగడం, కృతజ్ఞత చెప్పడం. ఒక చీటీకి ఒకే పని అప్పజెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నది స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు శ్రావణ మాసంలో నూలు పున్నమ నాడు మన ఊళ్లో మార్కండేయ మహర్షి రథోత్సవం జరుగుతుంది కదా. లక్ష్మి అనే అమ్మాయి క్లేర్ అనే ఫ్రెంచి స్నేహితురాలిని ఆ ఉత్సవానికి పిలుస్తోందనుకుందాం. ఇలా రాస్తుంది:

‘సాల్యు క్లేర్! సా వా? సామ్దీ, సే లా ఫెత్ ద మార్కండేయ. త్యు వియ్యాఁ షే మ్వా ఆ దీజ్ ఎర్? ఓఁ మాంజ్ ఆంసాంబ్ల్. ఆ బియాంతో! లక్ష్మి.’

అంటే: ‘ఏమే క్లేర్, బాగున్నావా? శనివారం మార్కండేయుడి పండుగ. పది గంటలకు మా ఇంటికి వస్తావా? కలిసి భోంచేద్దాం. ఉంటాను. లక్ష్మి.’ చూశారా, ఇందులో పెద్ద వ్యాకరణం ఏమీ లేదు. అన్నీ వర్తమాన కాలపు క్రియలే. అయినా పిలుపు పిలుపులాగే ఉంది. రాసేటప్పుడు రెండు చిన్న సంగతులు గుర్తుంచుకోవాలి. ఫ్రెంచిలో వారాల పేర్లు, నెలల పేర్లు పెద్ద అక్షరంతో మొదలుకావు. గంటను చూపడానికి అంకె పక్కన హెచ్ అక్షరం పెడతారు. సాయంత్రం ఆరున్నరను 18 హెచ్ 30 అని రాస్తారు, రైల్వే టైంటేబులు లెక్కలో.

ఇక రాలేనని చెప్పడం ఎలా? ఇది పిలవడం కన్నా కష్టం. మనవాళ్లు ‘చూస్తాం లెండి’ అంటారు. రామని దాని అర్థం, మనకు మనకు తెలిసిపోతుంది. ఫ్రెంచి చీటీలో అలా నాన్చితే ఎదుటివారు నిజంగానే ఎదురుచూస్తారు. అక్కడి పద్ధతిలో నాలుగు అంగలున్నాయి. ముందు కృతజ్ఞత, తర్వాత క్షమాపణ, ఆ తర్వాత కారణం, చివర మరో రోజు. క్లేర్ జవాబు వినండి:

‘సాల్యు లక్ష్మి! మెర్సీ పూర్ లాఁవితాస్యోఁ. దెజొలే, జ న పో పా వెనీర్ సామ్దీ, జ త్రవాయ్. దిమాంష్, సే పొసీబ్ల్? బీజ్, క్లేర్.’

‘పిలిచినందుకు థాంక్స్. ఏమనుకోకు, శనివారం రాలేను, పని ఉంది. ఆదివారం కుదురుతుందా?’ అని భావం. కాదన్నా తలుపు మూసుకోలేదు. ఆ చివరి ప్రశ్న లేకపోతే ఈ చీటీ కొంచెం మొరటుగా ఉండేది.

నాలుగో మెట్టు: రాసేది ఆడపిల్లా, మగపిల్లవాడా? ఇక్కడ తెలుగు మాత్రమే తెలిసినవారు తడబడతారు. ‘నేను వచ్చాను’ అని అన్నా అనగలడు, చెల్లీ అనగలదు. మన భాషలో ‘నేను’కు ఆ తేడా లేదు. కానీ మరాఠీలో ఉంది. అబ్బాయి ‘మీ ఆలో’ అంటాడు, అమ్మాయి ‘మీ ఆలే’ అంటుంది. ఈ పట్టు చిక్కిన సోలాపూరు పిల్లలకు ఫ్రెంచి తేలిక. సంతోషంగా ఉంది అనడానికి అబ్బాయి ‘జ స్వీ కోంతాఁ’ అని రాస్తాడు. అమ్మాయి ‘జ స్వీ కోంతాంత్’ అని చివర ఒక ఇ చేరుస్తుంది. ఇందాక క్లేర్ వాడిన ‘దెజొలే’ అన్న మాట అబ్బాయి రాసినా అమ్మాయి రాసినా ఒకేలా పలుకుతుంది. కాగితం మీద మాత్రం అమ్మాయి రాస్తే చివర ఇంకో ఇ రావాలి. వినికిడిలో పట్టుబడని పొరపాటు చీటీలో పట్టుబడుతుంది. అందుకే రాయడం విడిగా సాధన చేయాలి.

అయిదో మెట్టు: మన ఆలోచనను మక్కికి మక్కి దించకుండా ఉండడం. ఇంట్లో ఒక్కడే కొడుకైనా మనం ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’ అనే అంటాం, ‘నా అమ్మ’ అనడం అరుదు. అలా అనుకుని ఫ్రెంచిలో బహువచనం పెట్టి ‘నోత్ర్ మేర్’ అంటే అన్నదమ్ములంతా కలిసి రాసినట్టు ఉంటుంది. ఫ్రెంచిలో ‘నా అమ్మ’ అనే అనాలి. దానికి మాట ఏమిటంటే, ‘మా మేర్’. ఫ్రెంచిలో ‘మా’ అంటేనే ‘నా’. ఈ ఒక్కచోట మన నోటి అలవాటు మనకు తోడు వచ్చింది. అయితే అది స్త్రీలింగ పదాలకే. నాన్నకైతే ‘మోఁ పేర్’.

మేము, మనము అనే తేడా మనకుంది. మరాఠీలోనూ ‘ఆమ్హీ’, ‘ఆపణ’ అని ఉంది. ఫ్రెంచిలో లేదు. స్నేహితుల చీటీల్లో ‘మనం’ అనవలసిన చోట ‘ఓఁ’ అనే చిన్న మాట వాడతారు. ఓ, ఎన్ అని రెండే అక్షరాలు. ‘ఓఁ స వ్వా సామ్దీ?’ అంటే ‘శనివారం కలుద్దామా?’ అని.

ఇంకొక సంగతి. మన ఇళ్లలో అమ్మ అన్నం పెడితే థాంక్స్ చెప్పం. చెబితే ‘నేనేమన్నా పరాయిదాన్నా’ అని అమ్మ నొచ్చుకుంటుంది. అడిగేటప్పుడు కూడా ‘దయచేసి’ అనం, ‘కొంచెం ఆ పుస్తకం ఇస్తావా’ అంటాం. మన మర్యాద ఆ ‘కొంచెం’లోనూ, ఆ ప్రశ్నలోనూ ఉంటుంది. ఫ్రెంచిలో ఎంత దగ్గరివారైనా ‘మెర్సీ’ అనాలి, ఏదైనా అడిగితే ‘సిల్ త ప్లే’ అని చేర్చాలి. లేకపోతే హుకుం జారీ చేసినట్టుంటుంది. ఇంట్లో అలవాటు లేదు కాబట్టి మన పిల్లలు దాన్ని వదిలేస్తారు. అది వాళ్ల పొగరు కాదని ఫ్రెంచి చదివేవారికి తెలియదు కదా.

ఇప్పుడు ఆ శుభలేఖ దగ్గరి అక్షరాలను ఒకసారి విప్పి చూద్దాం. ‘సిల్ వూ ప్లే’ అన్నప్పుడు మధ్యలో ఉన్నది ‘వూ’, అంటే మీరు. పొడి అక్షరాలు ఎస్, వి, పి. స్నేహితులకైతే ‘సిల్ త ప్లే’, పొడి అక్షరాలు ఎస్, టి, పి. ఫ్రెంచి కుర్రకారు సెల్‌ఫోనులో మొత్తం మాట రాయకుండా ఈ మూడు అక్షరాలే కొడతారు. అంత పొదుపులో కూడా నువ్వు, మీరు అనే తేడాను వాళ్లు పోనివ్వలేదు. ఇలాంటి పొట్టి రూపాలు ఇంకా ఉన్నాయి. ‘బోంజూర్’కు బి, జె, ఆర్. ‘మళ్లీ కలుద్దాం’ అనడానికి ఏ అక్షరం, పక్కన కూడిక గుర్తు. ‘జ న పో పా’ అనే చోట మధ్యలోని ‘న’ను మింగేసి ‘జ పో పా’ అనడం కూడా స్నేహితుల మధ్య మామూలే. వీటిని చదివి అర్థం చేసుకోవడం అవసరం. నేర్చుకునే రోజుల్లో మాత్రం నిండు మాట రాయండి. పరీక్షలో పొడి అక్షరాలు మేలు చేయవు.

శ్రోతలారా, ఇంతసేపూ ఫ్రెంచి గురించి చెప్పాను. దీని వెనుక ఇంకో మాట ఉంది. నాలుగు వాక్యాల చీటీలో మనం ముందు రాసేది మనకూ ఎదుటివారికీ ఉన్న బంధాన్ని. భాష ఆ తర్వాత వస్తుంది. బంధం తెలిసినవారికి చీటీ రాయడం వస్తుంది. ఆ బంధాల మర్యాద మన పిల్లలకు ఇంట్లోనే, ఇంటి తెలుగులోనే అబ్బింది. మగ్గాల చప్పుడులో అరిచి మాట్లాడే తెలుగు, బీడీలు చుడుతూ అమ్మలక్కలు మాట్లాడుకునే తెలుగు. ‘మాది శుద్ధమైన తెలుగు కాదు సార్’ అని వాళ్లు తలవంచుకుని చెబుతుంటారు. పుస్తకంలో ఉన్నట్టు లేదని వాళ్ల బాధ. కానీ చీటీకి కావలసింది పుస్తకపు భాష కాదు. ఫ్రెంచిలో మార్కులు తెచ్చే చీటీ అంటే అక్కడి ఇళ్లలో మాట్లాడుకునే ఫ్రెంచికి దగ్గరగా ఉన్న చీటీయే. ఇంటి మాటకు అక్కడ ఉన్న విలువను ఇక్కడ మన మాటకూ ఇవ్వవచ్చు.

మన వాడల్లో తెలుగు గలగలా మాట్లాడి, తెలుగు అక్షరం రాయలేని పిల్లలు వందల ఇళ్లలో ఉన్నారు. బడి చదువు మరాఠీలో, సైన్సు ఇంగ్లీషులో. ఊళ్లో ఉన్న అమ్మమ్మకు సెల్‌ఫోనులో ఏదైనా పంపాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట కొడతారు, లేదా బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఆ ఇంగ్లీషు అక్షరాలు అమ్మమ్మకు రావు. ఇంకెవరో చదివి వినిపించాలి. మనవరాలు నేరుగా అమ్మమ్మతో అన్న మాట మూడో మనిషి నోటి మీదుగా వెళుతుంది. ఫ్రెంచిలో ‘షేర్’ అన్న మాటకు ఒక ఇ చేర్చాలా వద్దా అని అంత జాగ్రత్త పడే పిల్ల, ‘అమ్మమ్మా’ అన్న మూడు అక్షరాలు నేర్చుకోలేదా? తప్పకుండా నేర్చుకుంటుంది. ఫ్రెంచి నేర్పిన దారి తెలుగుకూ పనికివస్తుంది. ఎవరికి రాస్తున్నాం, ఎలా పిలుస్తాం, ఏ ఒక్క పని కోసం రాస్తున్నాం, ఎలా సెలవు తీసుకుంటాం. ఈ నాలుగు ప్రశ్నలు ఏ భాషకైనా ఒకటే.

అందుకని ఈ వారానికి మన పిల్లలకు ఒక చిన్న పని. నాలుగు చీటీలు రాయండి. మొదటిది ఫ్రెంచిలో ఒక స్నేహితురాలిని మీ ఇంటి పండుగకు పిలుస్తూ, ‘త్యు’తో. రెండోది ఫ్రెంచిలోనే మీ పంతులుగారికి, ఒంట్లో బాగాలేదు, రేపు తరగతికి రాలేనని, ‘వూ’తో. మూడోది మరాఠీలో పక్కింటి నేస్తానికి. నాలుగోది తెలుగులో, తెలుగు అక్షరాలతో, ఊళ్లో ఉన్న తాతకో అమ్మమ్మకో. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పలకరింపు ఎక్కడ మారింది, ‘నువ్వు’ ఎక్కడ ‘మీరు’ అయింది, ‘మా’ ఎక్కడ ‘నా’ అయింది అని గీతలు గీసుకోండి. ఒక గంట వ్యాకరణ పాఠం చెప్పలేనిది ఆ నాలుగు కాగితాలు చెబుతాయి.

పెద్దలకూ ఒక మనవి. పిల్ల తెలుగు చీటీ తెచ్చి చూపిస్తే తప్పులు వెతకకండి. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా ముందు చదివి జవాబు రాయండి. జవాబు వచ్చిన చీటీయే రెండో చీటీని రాయిస్తుంది. జవాబు రాకపోతే ఎంత మంచి భాష నేర్చినా ఆ కలం అక్కడే ఆగిపోతుంది. రెపోందే సిల్ వూ ప్లే. దయచేసి జవాబివ్వండి.